తాళాలావిడ

బెల్లు ఆగకుండా మోగుతోందంటే వచ్చింది బుల్లే. ఇంకెవరైనా ఒకసారి నొక్కి ఊరుకుంటారు. బుల్లి మాత్రం తలుపు తెరుచుకునేదాకా మీట మీద వేలు తియ్యదు. ఆ మోతకి వదిన చేతిలో కుంచె అదిరి, బొమ్మ సైనికుడి కనుబొమ్మ కాస్తా చెవిదాకా సాగింది.

"వస్తున్నా! ఇల్లేం అంటుకోలేదు," అంటూ లేచింది వదిన. తలకి బిగించుకున్న భూతద్దాన్ని పైకి తోసుకుని, నడుముకి వేలాడే తాళంచెవుల గుత్తి గలగలమంటుంటే వెళ్ళి తలుపు తీసింది.

బుల్లి చేతిలో పుట్టీ పొట్లంతో లోపలికి వచ్చింది. వస్తూనే, "ఇంతసేపా?" అంది.

"నాకేం రెక్కలు లేవు."

"ఒక తాళంచెవి నా మొహాన పడేస్తే నీకీ బాధ ఉండదుగా."

"మీ అన్నయ్యని అడుగు, చేయిస్తాడు."

అది లాగితే తాళం పడిపోయే తలుపు. దానికి ఉన్నవి రెండే తాళంచెవులు. ఒకటి బుల్లి అన్నయ్య జేబులో ఉంటుంది, రెండోది వదిన గుత్తిలో. మూడోది చేయించాలని బుల్లి ఈ ఇంటికి వచ్చిన రోజు నుంచీ ముగ్గురూ అనుకుంటూనే ఉన్నారు. అనుకోవడంలో ఎవరూ ఎవరికీ తీసిపోలేదు.

ఆ ఇంటికి వచ్చేపోయే వాళ్ళందరికీ ఆవిడ వదినే. మొగుడి చెల్లెలు పిలిచే పిలుపు కింది వాటావాళ్ళు అందుకున్నారు, వాళ్ళ నుంచి రంగుల కొట్టాయన అందుకున్నాడు. తనకంటే వయసులో పెద్దవాడు "వదినా, మీ తెల్లరంగు వచ్చింది" అని కేకేస్తుంటే ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? పలకడం నేర్చుకుంది.

ముగ్గురిదీ ఒకటే పని, బొమ్మల పని. కంప్యూటర్లో ఆడే ఆటల్లోని మనుషుల్ని వేలెడంత బొమ్మలుగా చెయ్యడం. బుల్లి పుట్టీతో బొమ్మ మలుస్తుంది. వదిన భర్త దానికి రబ్బరు అచ్చు తీసి పోతపోస్తాడు. వీధిలో అందరూ ఆయన్ని అచ్చులాయన అంటారు. పోతపోసిన బొమ్మకి రంగులు వెయ్యడం వదిన వంతు. పెద్ద కిటికీ ఉన్న ముందుగది బుల్లిది. వదిన బల్ల వంటగది గుమ్మం పక్కకి జరిగి, దీపం వెలుగుతో సరిపెట్టుకుంటోంది. ఆ బల్ల ఒకప్పుడు కిటికీ కిందే ఉండేదన్న సంగతి వదిన ఎప్పుడూ నోరు తెరిచి అనలేదు. అనకుండానే రోజూ ముగ్గురికీ వినిపించేది.

"ఇదుగో, అయిపోయింది. ఇంక నీదే." బుల్లి తన గదిలోంచి బొమ్మని తెచ్చి వదిన బల్ల మీద పెట్టింది. పెట్టి వెంటనే వెళ్ళిపోలేదు. పెదవుల చివర చిన్న నవ్వుతో నిలబడి చూసింది. ఆ నవ్వేమిటో అప్పుడే అడిగి ఉండాల్సింది.

బొమ్మ తాళాలావిడది, వెనక తలుపు, ముందు మెట్లతో సహా. ఆ ఆటలో జోరున వాన కురుస్తున్న ఊరొకటి ఉంటుంది. ఆడేవాడు ఒక బాటసారిగా తడిసి ముద్దై తిరిగి తిరిగి చివరికి ఒక తలుపు దగ్గరికి వస్తాడు. తలుపుకి అడ్డంగా తాళంచెవుల గుత్తితో ఒకావిడ నిలబడి ఉంటుంది. ఎంత బతిమాలినా తలుపు తియ్యదు. ఆట మొదలైనప్పటి నుంచీ ఎంతోమంది ఎన్నో ఎత్తులు వేసి చూశారు, తియ్యలేదు. అందుకే ఆడేవాళ్ళంతా ఆవిణ్ణి నోటికొచ్చిన తిట్లు తిడతారు, అందుకే ఆవిడ బొమ్మ కావాలని ఎగబడుతున్నారు. ఆటలో ఆవిడ మొహం ముసుగు నీడలో ఉంటుంది, గడ్డం తప్ప ఏమీ కనబడదు. ఆ ఆట తయారుచేసినాయన బొమ్మ పురమాయిస్తూ, "మొహం మీ ఇష్టమండీ. చూస్తే తిట్టబుద్ధవ్వాలి, అంతే," అన్నాడట.

ఆయన ఎల్లుండి వస్తానని కబురు చేశాడు. అచ్చు తీసి పోతపోసే వ్యవధి లేదు. అందుకని ఈసారి బుల్లి చేతుల్లో పుట్టిన అసలు బొమ్మకే రంగు వెయ్యాలి. ఆయనకి నచ్చితే దాన్నుంచే అచ్చు తీసి వందల్లో పోతపోస్తారు. పాడైతే ప్రపంచంలో రెండోది లేదు.

మధ్యాహ్నం వదిన బొమ్మని మాత్రల సీసా మూత మీద అంటించి, రంగు చుట్టూ చిమ్మకుండా ఒక అట్టపెట్టెతో పాటు బాల్కనీలోకి తీసుకెళ్ళింది. అప్పటికి అదేమంత చూడబుద్ధయ్యేలా లేదు. ఒకచోట ఆకుపచ్చ పుట్టీ, ఒకచోట బూడిదరంగు పుట్టీ, మడమ దగ్గర లోపలి ఇత్తడి తీగ మెరుపు. అలా మచ్చలు మచ్చలుగా ఉన్నప్పుడు ఎంత గొప్ప పనైనా కంటికి ఆనదు. ప్రైమర్, అంటే అడుగు రంగు, పడాల్సిందే. ముందు చుట్టూతా నలుపు చల్లింది. అది ఆరాక పైనుంచి మాత్రమే తెలుపు చల్లింది, మంచు రాలినంత పల్చగా. అలా చల్లితే వెలుగు ఎక్కడ పడుతుందో, నీడ ఎక్కడ నిలుస్తుందో బొమ్మే చెబుతుంది.

ఆరనిచ్చి, లోపలికి తెచ్చి, దీపం కింద పెట్టి భూతద్దం దించుకుంది.

పనితనం ముందు కనబడింది. తలుపు చెక్కల మీద సన్నటి చారలున్నాయి. రెండు రెక్కలూ కలిసేచోట సన్నటి గాడి ఉంది. మెట్టు మీద మోకాళ్ళ మీద కూలబడిన బాటసారి, అతని పక్కన తాడు కట్టిన పెట్టె. ఆ తాడు పురి కూడా లెక్కపెట్టొచ్చు. దెబ్బలాటలు వేరు, పని వేరు. బుల్లి చెయ్యి మంచిదని వదినకి ఎప్పుడూ తెలుసు. బొమ్మని కొద్దిగా తిప్పి మొహం చూసింది.

శనగగింజంత మొహం. ఎడమ కనుబొమ్మ మధ్యలో తెగి ఉంది. కింది పెదవి ముందుకొచ్చి, నోటి ఎడమ కొస కిందికి జారి, 'సరే, నీ ఇష్టం' అని మండిపడబోతున్నట్టు ఉంది. నుదుటి మీద అడ్డంగా, వెంట్రుక కన్నా సన్నంగా ఒక గీత.

వదిన చెయ్యి తనకు తెలియకుండానే నుదుటి మీదికి వెళ్ళింది. భూతద్దం పట్టీ ఒత్తుకుని పడిన గీత వేలికి తగిలింది.

అప్పుడే అచ్చులాయన రబ్బరు అంటిన చేతులు తుడుచుకుంటూ అటు వచ్చాడు. భార్య భుజం మీదుగా వంగి చూసి, "అరె! ఇది నువ్వే కదే!" అని పగలబడి నవ్వాడు. భార్య తల తిప్పి చూసేసరికి ఆ నవ్వు సగంలో గొంతుకు అడ్డం పడింది.

వదిన బొమ్మ పట్టుకుని విసవిసా ముందుగదిలోకి వెళ్ళింది. బుల్లి కిటికీ దగ్గర కూర్చుని, పళ్ళ డాక్టరు వాడేలాంటి సూదిమొన కత్తితో ఏదో చెక్కుకుంటోంది. తల ఎత్తలేదు.

"ఏమిటిది?"

"తాళాలావిడ."

"ఈ మొహం ఎవరిది?"

"తాళాలావిడది."

"కనుబొమ్మలో ఈ గాటు?"

"ఎంతమందికి లేదూ."

"నుదుటి మీద గీత? భూతద్దం పట్టీ పడ్డ గీత?"

"ముడత. వయసు మళ్ళిన మనిషి కదా."

"నా మొహం ఇది!"

బుల్లి అప్పుడు తల ఎత్తింది. ఎన్నాళ్ళ నుంచో ఎదురుచూసిన ప్రశ్న వచ్చినట్టు నెమ్మదిగా కత్తి కింద పెట్టింది. "నీ మొహమని నువ్వంటున్నావు వదినా. నేను తాళాలావిడని చేశాను."

వదినకి ఒళ్ళు మండిపోయింది. గుమ్మంలో నిలబడ్డ మొగుణ్ణి చూసింది. ఆయన చెల్లెలి వైపు ఒకసారి, పెళ్ళాం వైపు ఒకసారి చూశాడు. ఇంట్లో మాట పెరిగినప్పుడల్లా ఆయన గోడమీద పిల్లే.

"చిన్న మొహమే. ఎవరు గుర్తుపడతారు చెప్పు?"

"మొట్టమొదట మీరే కదా గుర్తుపట్టింది!"

ఆయన, గిన్నెలో కలిపిన పోత గట్టిపడుతోందని గొణుక్కుంటూ వెనక్కి తిరిగాడు.

"దీన్ని చెక్కేసి వేరే మొహం పెట్టు," అంది వదిన.

"ప్రైమర్ కొట్టేశావుగా. ఇప్పుడు చెక్కితే అతుకు కనబడుతుంది. మళ్ళీ పుట్టీ పెట్టి, అది గట్టిపడి, సానబట్టి... ఎల్లుండికి అవుతుందా? నీకే తెలియాలి." బుల్లి గొంతులో తొందరేమీ లేదు. "నీకు కోపమొస్తే కింద పడేయొచ్చు కూడా. కానీ పడెయ్యవు. నీకు మంచి బొమ్మంటే ప్రాణం. ఆ సంగతి తెలుసు కాబట్టే చేశాను."

వదిన చేతిలో బొమ్మ ఉంది. కింద గచ్చు ఉంది. ఒక్క క్షణం అదీ ఆలోచించింది. తరవాత బొమ్మని రెండు చేతులా పట్టుకుని తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. బుల్లి అన్నది నిజమైనందుకు ఇంకా మండింది.

మర్నాడు పొద్దున అచ్చులాయన టీ కప్పు తెచ్చి బల్ల మీద పెట్టాడు. "ఆటలో ఆవిడ మొహం కనబడదటగా. ముసుగు నీడ వేసెయ్. ఎవరికీ ఏ గొడవా ఉండదు," అన్నాడు.

వదినకి ఆ మాట నచ్చింది. నలుపులో కొంచెం నీలం, కొంచెం మట్టిరంగు కలిపి నీళ్ళలా పల్చన చేసి, మొహం మీద పొర మీద పొర వేసుకుంటూ పోయింది. ముసుగు అంచు మీద మాత్రం తెల్లటి గీత లాగింది. కనుబొమ్మ పోయింది, గీత పోయింది, నోరు పోయింది. ముసుగులో చీకటి గుంట మిగిలింది. హమ్మయ్య అనుకుంది.

పదకొండింటికి బుల్లి మంచినీళ్ళకి వచ్చి చూసింది. గ్లాసు పట్టుకుని బొమ్మ మీదికి వంగింది.

"నా పనికి మసి పూశావు."

"ఆటలో ఇలాగే ఉంటుందట."

"ఆటలో ఉన్నట్టే కావాలనుకుంటే నన్నెందుకు అడగడం, ఫొటో తీసుకుంటే పోయేది." గ్లాసు ఠక్కున పెట్టింది. "నీ చేత్తో ఇంత చచ్చు పని చూడటం ఇదే మొదలు. బొమ్మ కింద పేరు మాత్రం నా ఒక్కదానిదే వెయ్యమను అన్నయ్యని. ఇది నువ్వు వేశావని ఎవరికీ తెలియకపోవడమే నీకు మంచిది."

తిట్టిన తిట్టు తప్పయితే వదిన ఎదురు తిట్టేది. కానీ తప్పు కాదు. బుల్లి వెళ్ళిపోయాక బొమ్మని చెయ్యి చాచినంత దూరంలో పెట్టి చూసింది. తాళంచెవులు బావున్నాయి, తలుపు బావుంది, వాటి మధ్య ఒక గుంట ఉంది. ఆ గుంటని చూసి తిట్టబుద్ధి కాదు, భయమూ వెయ్యదు. తడిసి కూలబడ్డ బాటసారి ఎవరినీ బతిమాలుతున్నట్టు లేదు. ఇన్నేళ్ళలో తన బల్ల మీంచి ఇలాంటి బొమ్మ ఒక్కటి కూడా బయటికి పోలేదు.

"ఛీ," అనుకుంది, బొమ్మనో బుల్లినో తననో తేల్చుకోకుండా. చెవిలో పెట్టుకునే దూదిపుల్లని స్పిరిట్లో ముంచి, మొహం మీద రంగంతా తీసేసింది. కనుబొమ్మ మళ్ళీ తేలింది. నోరు తేలింది. తాను మళ్ళీ తనవైపే చూసింది.

సరే, నా మొహమే అయితే నా మొహంలాగే ఉండాలి. వదిన పడగ్గదిలోంచి చేతి అద్దం తెచ్చి దీపానికి ఆనించి పెట్టింది. మూతి ముడిచి, కింది పెదవి ముందుకి తోసి, ఆ మండిపాటు మొహం పెట్టింది. ముక్కు పక్కన ముడత ఎక్కడ మొదలవుతోంది, దాని కింద నీడ ఎంత లోతుగా ఉంది, పెదవి కింద వెలుగు ఎక్కడ తెగుతోంది... ఒక్కొక్కటీ అద్దంలో చూడటం, కుంచె మొనని పెదాల మధ్య తడిపి సన్నం చెయ్యడం, శనగగింజ మీద పెట్టడం. అచ్చులాయన ఒకసారి అటు వచ్చి, అద్దంలోకి చూస్తూ కోపంగా మొహం పెట్టిన పెళ్ళాన్ని చూసి, వచ్చిన కాళ్ళమీదే వెనక్కి పోయాడు.

ఆ మొహం తాను ఎప్పుడు పెడుతుందో తెలుసనుకుంది వదిన. గ్యాసు అయిపోయినప్పుడు, రంగు సీసా మూత పట్టేసినప్పుడు. కానీ అద్దంలో చూస్తున్నకొద్దీ అది విసుగు మొహంలా అనిపించలేదు. ఏదో లెక్క తేలనప్పటి మొహంలా ఉంది. పెదవి అలా ముందుకొచ్చేది కోపంతో కాదు, ఆలోచనతో.

బొమ్మని మళ్ళీ చేతిలోకి తీసుకుంది. తలుపు. తలుపుకి అడ్డంగా తాళంచెవులతో తాను. కింది మెట్టు మీద బాటసారి, పక్కన తాడు కట్టిన పెట్టె.

ఆటలో బాటసారికి భుజాన మూట ఉంటుంది. పెట్టె ఉండదు.

వదిన చేతిలో కుంచె ఆగిపోయింది. బుల్లి ఈ ఇంటికి వచ్చిన రోజు ఇలాంటి పెట్టే, ఇలాంటి తాడే. బయట వాన. తను కూరగాయల సంచితో అప్పుడే మెట్లెక్కి వచ్చి, తాళంచెవి చేతిలోకి తీసుకుంది. వెనకాల అడుగుల చప్పుడైతే తిరిగి చూసింది. నీళ్ళు కారుతూ బుల్లి. కింది మెట్టు మీదే ఆగిపోయింది, పైకి రాలేదు, ఒక్క మాట మాట్లాడలేదు. వదిన కూడా మాట్లాడలేదు. తలుపుకి అడ్డంగా, చేతిలో తాళంచెవితో, అలాగే నిలబడింది.

అంటే ఇన్నాళ్ళూ బుల్లి మనసులో తాను ఆ తలుపుకి అడ్డంగానే నిలబడి ఉందన్నమాట.

వదినకి కళ్ళలో నీళ్ళు రాలేదు, కోపం వచ్చింది. తలుపు తీసింది ఎవరు? తువ్వాలు ఇచ్చింది ఎవరు? కిటికీ గది ఖాళీ చేసి, బల్ల ఈడ్చుకుంటూ ఈ మూలకి వచ్చింది ఎవరు? బొమ్మలో అదెక్కడుంది? తలుపు మూసి ఉన్నంతసేపే చూసి, తలుపు తెరుచుకోగానే కళ్ళు మూసుకుందా ఈ మహాతల్లి?

అయితే తలుపు పుట్టీతో చేసి ఉంది. గట్టిపడిపోయింది. రెక్కల మధ్య ఉన్నది వెంట్రుకంత గాడి, అంతే. అది తెరవాలంటే మళ్ళీ బుల్లి చెయ్యే కావాలి.

వదిన ఆ గాడిని భూతద్దంలోంచి చూస్తూ కూర్చుంది. టీ చల్లారి మీద తెట్టు కట్టింది. కాసేపటికి లేచి, రంగుల డబ్బాలో అడుగున ఉన్న ముదురు పసుపు, నారింజ, తెలుపు సీసాలు తీసింది. రంగులు కలుపుకునే పలక మీద తడి కాగితం మార్చింది. చొక్కా చేతులు పైకి మడిచింది.

ముందు ముసుగుకీ మెట్లకీ నీలం కలిసిన బూడిదరంగు, వాన పొద్దు రంగు. మొహం మీద కూడా ఆ చల్లటి వెలుగే వేసింది. ఎక్కడా మొహమాటపడలేదు. కనుబొమ్మ గాటు దిద్దింది, నుదుటి గీత దిద్దింది, నోటి కొస కింద నీడ ఇంకొంచెం లోతు చేసింది. కనుపాపలకి బుల్లి ఉత్త నున్నటి గుండ్లు వదిలింది. చూపు ఎటు అన్నది ఎప్పుడూ రంగువేసే వాళ్ళ చేతిలో పని. వదిన ఊపిరి బిగబట్టి, రెండు చుక్కలు పెట్టింది. అవి బాటసారిని చూడవు, పెట్టెని చూస్తాయి. ఆ రోజు తాను చూసింది అదే.

తరవాత ముందుగది గుమ్మం దాకా వెళ్ళింది. బుల్లి వీపు ఇటు తిప్పి కిటికీ దగ్గర పనిలో ఉంది. తలుపు వెనక కొక్కేనికి బుల్లి ఆవపిండి రంగు రెయిన్‌కోటు, ఆ వాన రోజు వేసుకున్నదే, వేలాడుతోంది. ఒక భుజం వెలిసిపోయి పాలిపోయింది. వదిన పలకని దాని పక్కన పెట్టి రంగు సరిచూసుకుంది. ఇంకాస్త మట్టిరంగు కలిపింది. చప్పుడు చెయ్యకుండా వెనక్కి వచ్చి, ఆ రంగు బాటసారికి తొడిగింది. ఒక భుజం వెలవెలబోయేలా వేసింది.

చివర మిగిలింది తలుపు. ఉన్నవాటిలో అన్నిటికన్నా సన్నటి కుంచె తీసి, రెక్కల మధ్య గాడిలో పైనుంచి కిందిదాకా అచ్చంగా తెలుపు దించింది. తెలుపు ఆరాక దాని మీద పల్చటి పసుపు. గాడికి ఇటూ అటూ చెక్క అంచుల మీద నారింజ. అక్కణ్ణుంచి వెలుగు ఎక్కడెక్కడికి పోతుందో వేలితో గాలిలో గీత గీసి చూసుకుంది. ముసుగు వెనక అంచుకి, గుత్తిలో రెండు తాళంచెవులకి, చెవి కింద చెంపకి, మెట్టుకి, తాడు పురికి, ఆవపిండి రంగు కోటు మోకాలికి, తడిసిన మొహానికి. ఎక్కడ తగిలితే అక్కడ ఒక్కొక్క చుక్క వెచ్చటి పసుపు పెట్టింది. సాయంత్రమయ్యేసరికి మెడ పట్టేసింది. కోపం మాత్రం ఎక్కడికీ పోలేదు. అదీ పక్కనే కుదురుగా కూర్చుని పని చేసింది.

మూడో రోజు పొద్దున్నే బుల్లి తానుగా వచ్చి బల్ల ముందు నిలబడింది. దీపం వేసింది. బొమ్మని మూతతో పాటు పైకెత్తి ముందు మొహం చూసింది, తరవాత బాటసారిని చూసింది.

"నా కోటు రంగు ఎందుకు వేశావు?"

వదిన టీ తాగడం ఆపలేదు. "నీ కోటని నువ్వంటున్నావు. నేను బాటసారికి రంగేశాను."

బుల్లి బొమ్మని తిప్పింది. తలుపు దగ్గర ఆగింది. వేలిగోరు గాడిలో పెట్టి కిందికి లాగింది. గోటికి తగిలింది గట్టి పుట్టీయే. మళ్ళీ ఒకసారి లాగింది.

"తలుపు మూసి చేశాను నేను."

"మూసి చేసింది నువ్వు. తీసింది నేను."

బుల్లి కనుపాపల్ని చూస్తోంది. చూసి చూసి, "పెట్టెనే చూశావు. నా మొహం చూడలేదు," అంది.

"ఎక్కడ పెట్టాలా అని చూశాను."

"పెట్టెనా, నన్నా?"

అంతలో బెల్లు ఒకసారి మోగి ఆగింది.

వచ్చింది ఆట తయారుచేసినాయన. సన్నటి మనిషి, వీపున సంచి. వదిన ఇచ్చిన భూతద్దం పెట్టుకుని బొమ్మ ముందు కూర్చున్నాడు. ఎదురుగా అచ్చులాయన చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. ఆడవాళ్ళిద్దరూ ఆ గదిలో ఎంత దూరంగా నిలబడొచ్చో అంత దూరంగా నిలబడ్డారు.

"అబ్బ, ఈవిణ్ణి చూస్తే నాకే తిట్టబుద్ధవుతోందండీ!" అన్నాడు ఆయన, మురిసిపోతూ. "ఈ మొహం ఎక్కడ పట్టుకున్నారు?"

ఆయన తల ఎత్తి వదిన నుదుటి వైపు చూసి ఉంటే తెలిసేది, కానీ ఆయన బొమ్మనే చూస్తున్నాడు. అచ్చులాయన చెమట తుడుచుకున్నాడు. వదిన చెవులు ఎర్రబడ్డాయి. ఈ మొహం రేపు వందల ఇళ్ళలో అరల మీద నిలబడబోతోంది. వచ్చినవాడల్లా దాన్ని ఒక తిట్టు తిట్టిపోతాడు. పక్కన ఆ సన్నటి పసుపు గీత ఉంటుంది కదా అనుకుంది. ఆ ఒక్క గీతకే ఆమె ప్రాణం వేలాడుతోంది.

ఆయన బొమ్మని ఇటు తిప్పి, అటు తిప్పి, మొహం చిట్లించాడు. "ఒక్కటేనండీ. ఈ తలుపు మధ్య వెలుగు. మా ఆటలో ఈ తలుపు తెరుచుకోదు కదా. ఆవిడ తియ్యదు. ఆవిడంటేనే అది. ఈ పసుపు తీసేస్తే..."

"దానికేముందండీ, తీసేస్తాం," అన్నాడు అచ్చులాయన ఊపిరి వదులుతూ. "ఇదుగో, ఒక్క పూట పని కదూ?"

వదిన కప్పు బల్ల మీద పెట్టింది. తను ఏమన్నా అది తన తరఫున తాను చెప్పుకున్నట్టే ఉంటుంది. తలుపు తీశానండీ అని, నేను అంత చెడ్డదాన్ని కాదండీ అని, ముక్కూమొహం తెలియని మనిషి ముందు బతిమాలుకోవాలా? వదిన చెయ్యి చాచి బొమ్మని అందుకోబోయింది.

"తియ్యొద్దు," అంది బుల్లి.

అందరూ అటు తిరిగారు. బుల్లి గోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని, బొమ్మ వైపు కాదు, నేల వైపు చూస్తోంది.

"కానీ ఆవిడ తలుపు తియ్యదండీ," అన్నాడు ఆయన, నచ్చజెబుతున్నట్టు.

"తీసింది." బుల్లి కట్టుకున్న చేతులు విప్పింది. "ఆలస్యంగా తీసింది. మొహం అలాగే పెట్టుకుని తీసింది. కానీ తీసింది. నాకు తెలుసు."

ఆయనకి ఏమీ అర్థం కాలేదు. కానీ మళ్ళీ భూతద్దం దించుకుని చూశాడు. వెలుగు వెంట వేలు పోనిచ్చాడు, తలుపు నుంచి మెట్టుకి, మెట్టు నుంచి పెట్టెకి, పెట్టె నుంచి మోకాలికి. "ఆ తలుపు వెనక ఏముంటుందో మేమసలు ఆలోచించనేలేదు," అన్నాడు చివరికి, తనలో తాను. "సరే, ఉండనివ్వండి. అచ్చు తీసుకోండి."

ఆయన్ని సాగనంపడానికి అచ్చులాయన కిందిదాకా వెళ్ళాడు. వెళ్ళేముందు వెనక్కి తిరిగి ఇద్దరినీ ఒకసారి చూశాడు, పొయ్యి మీద పాలు పెట్టి పోతున్నవాడిలా.

"నీ మీద జాలితో చెప్పలేదు," అంది బుల్లి వెంటనే. "బొమ్మ బావుంది కాబట్టి చెప్పాను."

"నీ జాలి ఎవడిక్కావాలి."

"ఎంతసేపు నిలబడ్డానో తెలుసా ఆ మెట్టు మీద?"

"తెలుసు." వదిన కుంచెలు కడుగుతోంది. నీళ్ళు పసుపుపచ్చగా మారాయి. "అందుకే మొహం జోలికి పోలేదు."

బుల్లి తన గదిలోకి వెళ్ళి తలుపు ధడాలున వేసుకుంది. వేసుకున్న తలుపు వెనక నుంచి పుట్టీ పిసుకుతున్న చప్పుడు వినబడింది.

మధ్యాహ్నం ఆమె పుట్టీ కొనడానికి చెప్పులు వేసుకుంటుంటే వదిన వంటగది గుమ్మంలోంచి వచ్చింది. గుత్తిలోంచి ఒక తాళంచెవిని గోటితో పెకలించి తీస్తోంది. రింగు బిగుసుకుపోయి ఉంది, గోరు విరిగింది. తాళంచెవిని చెప్పుల స్టాండు మీద ఠక్కున పెట్టింది.

"ఇంక ఆ బెల్లు కొట్టకు. నా చెయ్యి అదురుతోంది."

బుల్లి దాన్ని చూసింది. "డూప్లికేటా?"

"అసలుదే. డూప్లికేటు నేను చేయించుకుంటాలే."

బుల్లి తాళంచెవి తీసుకుంది. థాంక్స్ చెప్పలేదు. చెబుతుందేమోనని వదిన చూడనూ లేదు.

సాయంత్రం వదిన, చెవిదాకా సాగిన సైనికుడి కనుబొమ్మని చెరిపి, మళ్ళీ గీయడానికి కూర్చుంది. బుల్లి వచ్చే వేళయింది. అలవాటు కొద్దీ బెల్లు కోసం కాచుకుని, ఊపిరి బిగబట్టి, కుంచె మొన ఆనించింది. బెల్లు మోగలేదు. మెట్ల మీద అడుగులు వచ్చి ఆగాయి. ఆగి, కొంతసేపు అలాగే ఉన్నాయి. తరవాత తాళంలో చెవి తిరిగింది.

వదిన చెయ్యి దానికీ అదిరింది.